ఉపగ్రహం చెప్పే ఎండ, పొలంలో పడే ఎండ

డెల్టాలో నాట్లు వేసే ఏ కూలీనయినా అడిగి చూడండి. సార్వా ఎక్కువ పండుతుందా, దాళ్వా ఎక్కువ పండుతుందా? దాళ్వాయే అని తడుముకోకుండా చెబుతారు. అదే నేల, అదే కాలవ నీరు, నాటేవీ కోసేవీ అవే చేతులు. మరి దిగుబడిలో తేడా ఎందుకు వస్తున్నది? తుపాన్లు, చీడపీడలు కొంత కారణం. వాటికి మించి ముఖ్యమైన కారణం ఎండ. సార్వా పైరు ఎదిగే నెలల్లో ఆకాశం మబ్బుపట్టి వుంటుంది. దాళ్వా పైరు పొట్టకొచ్చి, ఈని, గింజ పాలుపోసుకునే రోజుల్లో పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా ఎండ కాస్తుంది. నీరు, ఎరువు ఎంత పెట్టినా ఆకు మీద ఎండ పడకపోతే గింజలో పాలు నిండవు. ఇది మన పెద్దలకి పుస్తకం చదవకుండానే తెలుసు.

ఇప్పుడు ఈ ఎండకి ఆకాశం నుంచి లెక్క కడుతున్నారు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున వున్న ఉపగ్రహం తీసిన బొమ్మల్ని బట్టి, ఏ వూళ్లో ఏ రోజున ఎంత ఎండ పడిందో కంప్యూటర్లు అంచనా వేస్తున్నాయి. ఆ అంచనా పంటల బీమా లెక్కల్లోకి, సోలార్ పార్కుల లెక్కల్లోకి, అంటే మన పొలంలోకీ మన జేబులోకీ వస్తున్నది. కాబట్టి ఆ అంచనా ఎలా వేస్తారు, దాన్ని దేనితో సరిచూస్తారు, సరిచూడకపోతే నష్టం ఎవరికి అన్నది మనం తెలుసుకోవలసిన విషయం.

ఎండ లెక్క బీమాలోకి ఎలా వచ్చింది?

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016లో వచ్చింది. అందులో దిగుబడి తేల్చడానికి మొదటి నుంచీ వున్న పద్ధతి పంట కోత ప్రయోగం. గ్రామంలో కొన్ని పొలాలు ఎంచుకుంటారు. వరిలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల మడిని తాడు కట్టి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ తూకాన్ని బట్టి ఆ యూనిట్ మొత్తానికి దిగుబడి కడతారు. ఇందులో లోపాలు లేవని కాదు. కానీ కోసేది మన కళ్ల ముందు, తూచేది మన కళ్ల ముందు.

2023 ఖరీఫ్ నుంచి కేంద్ర ప్రభుత్వం దీనికి 'యెస్-టెక్' అనే కొత్త పద్ధతిని జోడించింది. ముందుగా వరికి, గోధుమకి పెట్టింది. పంట కోతలో తేలిన దిగుబడితో పాటు, ఉపగ్రహాల సాయంతో లెక్కగట్టిన దిగుబడికి కనీసం 30 శాతం విలువ ఇవ్వాలన్నది నిబంధన. అమలు చేస్తున్న రాష్ట్రాలంటూ 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా వుంది. మధ్యప్రదేశ్ నూటికి నూరు పాళ్లూ ఈ పద్ధతికే వెళ్లిందని, పంట కోత ప్రయోగాలను క్రమంగా తగ్గిస్తామని కూడా అప్పుడే చెప్పారు.

ఉపగ్రహంతో దిగుబడి లెక్కగట్టడం ఎలా? ఇందుకు అనుమతించిన పద్ధతులు కొన్ని వున్నాయి. వాటిలో ఒకదానికి మూలసూత్రాన్ని 1970లలో జాన్ మాంటీత్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు స్పష్టంగా చెప్పాడు. తర్వాత కాలంలో ఆయన మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కూడా పనిచేశాడు. పైరు ఎంత ఎండను పట్టుకుంటే అంత దుబ్బు కడుతుందన్నది ఆయన సూత్రం. పడిన ఎండలో సుమారు సగం ఆకుకి పనికొచ్చే వెలుగు. అందులో ఆకు పట్టుకున్నది ఎంత, నీటి ఎద్దడి వల్ల, వేడి వల్ల తగ్గింది ఎంత, మొత్తం దుబ్బులో గింజ వాటా ఎంత అని వరసగా హెచ్చవేసుకుంటూ పోతే దిగుబడి అంచనా వస్తుంది. పైరు ఎదుగుదలను రోజురోజుకీ కంప్యూటర్‌లో నడిపించే ఇంకో రకం నమూనాలకి కూడా రోజువారీ ఎండ లెక్క కావాలి.

ఈ హెచ్చవేతలో మొదటి అంకె ఎండ. మొదటి అంకె తప్పితే కింద ఎంత శ్రద్ధగా లెక్క చేసినా జవాబు తప్పుతుంది.

ఉపగ్రహం ఎండను కొలవదు

చాలామందికి ఒక అపోహ వుంది. ఉపగ్రహం మన పొలం మీద పడ్డ ఎండను కొలుస్తుందని అనుకుంటారు. అది చూసేది పడ్డ ఎండను కాదు, తిరిగి పైకి వెళ్లిన వెలుగుని. భూమి నుంచీ మబ్బు నుంచీ మళ్లి వచ్చిన వెలుగుని బట్టి, కిందికి చేరింది ఎంతో ఊహిస్తుంది. గాదెలోంచి బయటికి పోయిన బస్తాలు లెక్కపెట్టి, లోపల ఎన్ని మిగిలాయో చెప్పడం లాంటిదే ఇది.

పని జరిగే తీరు ఇలా వుంటుంది. మన ఇన్సాట్-3డి ఉపగ్రహాన్ని 2013లో, ఇన్సాట్-3డీఆర్‌ను 2016లో, ఇన్సాట్-3డీఎస్‌ను 2024లో ప్రయోగించారు. చివరి రెండూ మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి. భూమధ్యరేఖకి పైన, భూమితో పాటే తిరుగుతూ, మనకి ఎప్పుడూ ఒకేచోట వున్నట్టు వుండే ఇలాంటి ఉపగ్రహాలు అరగంటకోసారి మన నేలను బొమ్మ తీస్తాయి. బొమ్మలో ఒక్కో చుక్క అంటే కిలోమీటరో, అంతకంటే ఎక్కువో జాగా. మబ్బు పైనుంచి తెల్లగా కనపడుతుంది. తడి నేల, పచ్చని చేను ముదురుగా కనపడతాయి. ఒక చుక్క ఎప్పుడూ ఎంత ముదురుగా వుంటుందో కొన్ని వారాల బొమ్మలు చూసి గుర్తుపెట్టుకుంటారు. ఇవాళ అదే చుక్క తెల్లబడితే మబ్బు కమ్మిందన్న మాట. ఎంత తెల్లబడితే అంత దట్టమైన మబ్బు. మబ్బే లేకపోతే ఆ వేళకి ఎంత ఎండ పడాలో, గాలిలోని ఆవిరి, దుమ్ము, పొగ ఎంత మింగుతాయో ఇంకో లెక్క వుంటుంది. అందులోంచి మబ్బు వాటా తీసివేస్తే మిగిలింది నేల మీది ఎండ. యూరప్‌లో 1980లలో తయారయిన ఈ బాటనే, మార్పులు చేర్పులతో, నేటికీ ఎక్కువమంది నడుస్తున్నారు.

తెలివైన పద్ధతే. కానీ ఇది కొలత కాదు, అంచనా. ఈ తేడాని మనం మరవకూడదు.

ఎక్కడ పొరబడుతుంది?

మొదటిది పొగ, దుమ్ము. దట్టమైన మబ్బుని ఉపగ్రహం తేలిగ్గా పట్టుకుంటుంది. గాలిలో పలచగా పరుచుకున్న మసకని పట్టుకోవడం కష్టం. అందుకని గాలిలో దుమ్ము ఎంతో చాలా పద్ధతుల్లో నెలవారీ సగటు వాడతారు. కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన వారం రోజులు, ఇటుక బట్టీల పొగ కమ్మిన వూరు, గాలిదుమారం లేచిన రోజు ఆ సగటులో కనపడవు. అలాంటి రోజుల్లో నేల మీద పడిన దానికంటే ఎక్కువ ఎండ పడ్డట్టు లెక్క వస్తుంది.

రెండవది ముసురు. ఆషాఢ శ్రావణాల్లో వారాల తరబడి ముసురు పట్టి నేల కనపడకపోతే, ఆ చుక్క మామూలు రంగు ఏదో కంప్యూటర్‌కి తెలియదు. పలచని మబ్బునే నేల అనుకుంటుంది. అప్పుడు అసలు మబ్బుని తక్కువగా చూసి, ఎండని ఎక్కువగా రాస్తుంది. సార్వా పైరుకి ఎండ తక్కువయ్యే రోజులూ సరిగ్గా ఇవే.

మూడవది నీడ. పొద్దు ఏటవాలుగా వున్నప్పుడు మబ్బు ఒకచోట, దాని నీడ ఇంకోచోట వుంటాయి. అయిదు కిలోమీటర్ల ఎత్తున మబ్బు వుండి, పొద్దు సగం ఆకాశం ఎక్కి వుంటే, నీడ అయిదు కిలోమీటర్ల అవతల పడుతుంది. ఉపగ్రహం మబ్బుని మన వూరి మీద చూస్తుంది, నీడ పక్క వూరి మీద పడుతుంది. దీన్ని సవరించకపోతే ఒక వూరి నష్టం ఇంకో వూరి ఖాతాలోకి పోతుంది.

నాలుగవది తెల్లని నేల. ఇసుక దిబ్బలు, ఉప్పు మడులు, కొత్త రేకుల కప్పులు పైనుంచి తెల్లగా కనపడతాయి. వాటిని మబ్బు అని పొరబడితే ఎండని తక్కువగా రాస్తుంది.

అంటే తప్పు ఎప్పుడూ ఒకే వైపు వుండదు. చోటుని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. అందుకే ఎక్కడో ఒకచోట సరిచూసి అంతటా సరిపోయిందనడం కుదరదు.

నేల మీది మీటరు

మరి సరిచూసేది దేనితో? నేల మీద పెట్టిన మీటరుతో. దాన్ని పైరనోమీటర్ అంటారు. మన వాడుకలో ఎండ మీటరు అనుకుందాం. నల్లరంగు పూసిన చిన్న బిళ్ల, దాని మీద బోర్లించిన గాజు బుడగ. ఎండకి బిళ్ల వేడెక్కితే ఆ వేడి తేడాకి సన్నని విద్యుత్తు పుడుతుంది. దాన్ని కొలిస్తే ఎండ ఎంతో తెలుస్తుంది. సూర్యుడి నుంచి తిన్నగా వచ్చే ఎండకి ఒక పరికరం, ఆకాశమంతటి నుంచీ చెదిరి వచ్చే వెలుగుకి ఒక పరికరం, మొత్తానికి ఒకటి, ఇలా మూడూ వున్న కేంద్రం గట్టిది. ఎందుకంటే తిన్నగా వచ్చినదాన్ని పొద్దు వాలుని బట్టి సవరించి, చెదిరి వచ్చినదాన్ని కలిపితే మొత్తం రావాలి. రాకపోతే మూడింటిలో ఏదో ఒకటి తప్పు చెబుతున్నదని పట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షులు మూడోవాడి అబద్ధాన్ని బయటపెట్టినట్టే.

మన దేశంలో ఈ కొలతలకి పునాది వేసిన మనిషి అన్నా మణి. 1918లో కేరళలో పుట్టింది. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసింది. 1948లో పూనాలో వాతావరణ శాఖలో చేరింది. పరికరాలన్నీ విదేశాల నుంచి తెచ్చుకునే ఆ కాలంలో, వాటిని ఇక్కడే తయారు చేయించడానికి కంకణం కట్టుకుంది. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా ఎండని కొలిచే కేంద్రాల ఏర్పాటు మొదలయింది. తర్వాత ఆ వరసలో మన విశాఖపట్నం కూడా చేరింది. ఆ కొలతలతో ఆమె తయారు చేసిన ఎండ లెక్కల పుస్తకం 1980లో వెలువడింది. సోలార్ కరెంటు మాట పల్లెల్లో ఎవరూ ఎరగని రోజుల్లో, దేశంలో ఎక్కడ ఎంత ఎండ పడుతుందో నేల మీద కొలిచి చెప్పిన పని అది. ఆమె 2001లో చనిపోయింది.

సోలార్ కరెంటు అవసరాల కోసం 2011 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి చెన్నై కేంద్రంగా ఇంకో వరస మీటర్లు పెట్టింది. మొదటి విడతలో 51, తర్వాతి విడతలతో కలిపి వందకు పైగా. దేశ విస్తీర్ణంతో పోలిస్తే ఇది ఎంత? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితేనే రెండు లక్షల 75 వేల చదరపు కిలోమీటర్లు.

నేల మీటరు కూడా దేవుడేం కాదు. గాజు బుడగ మీద దుమ్ము పడితే తక్కువ చూపుతుంది. పిట్ట రెట్ట వేసినా అంతే. పక్కన చెట్టు ఎదిగి నీడ పడినా, పీట ఒక పక్కకి ఒరిగినా కొలత చెడిపోతుంది. అందుకని రోజూ పొద్దున్నే గాజు తుడవాలి, మట్టం చూడాలి, తీగలు చూడాలి. కొన్నేళ్లకోసారి మీటరుని పెద్ద మీటరుతో సరిపోల్చాలి. పెద్ద మీటర్లు పూనాలో వున్నాయి. వాటిని కూడా స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో వున్న ప్రపంచ ప్రమాణంతో పోల్చి చూస్తారు. తూనికలు కొలతల శాఖ ముద్ర లేని రాయిని మనం కాటాలో ఒప్పుకోం గదా, ఇదీ అలాంటిదే. ఎంత పెద్ద శాస్త్రమయినా చివరికి రోజూ గాజు తుడిచే మనిషి మీద ఆధారపడి వుంది. ఆ మనిషి జీతం ఆపితే గాజు మీద దుమ్ము పేరుకుంటుంది. అప్పుడు ఆకాశంలోని కోట్ల రూపాయల ఉపగ్రహాన్ని దుమ్ము పట్టిన గాజుతో సరిచూస్తున్నట్టు అవుతుంది.

సరిచూసే పద్ధతి

రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టడం అంత తేలిక కాదు. మీటరు ఒక బిందువు దగ్గర నిమిషం నిమిషం కొలుస్తుంది. ఉపగ్రహం కిలోమీటర్ల జాగాని అరగంటకోసారి చూస్తుంది. మీటరు మీద చిన్న మబ్బుతునక నీడ పడితే ఉపగ్రహానికి అది తెలియకపోవచ్చు. కాబట్టి మీటరు నిమిషాల లెక్కని గంటకో, రోజుకో సగటు చేసి పోలుస్తారు. గడియారాలు కలవాలి. ఉపగ్రహం లెక్క గ్రీనిచ్ కాలంలో వుంటుంది, మనది దానికి అయిదున్నర గంటలు ముందు. ఇది చూసుకోకపోతే మధ్యాహ్నపు ఎండని పొద్దుటి ఎండతో పోల్చినట్టవుతుంది. రాత్రిపూట ఎండ చూపే మీటరు కొలతల్ని, పడటానికి వీల్లేనంత ఎండ చూపే కొలతల్ని ముందే ఏరిపారేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి వుంది. ఏ కేంద్రం కొలతలతో ఉపగ్రహం లెక్కని దిద్దారో, ఆ కేంద్రంతోనే సరిచూడకూడదు. అది తన పరీక్ష కాగితాన్ని తనే దిద్దుకోవడం అవుతుంది. లెక్క చూడని కొత్త చోట పరీక్ష పెట్టాలి.

పోల్చాక బయటపడే తప్పులు రెండు రకాలు. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. పత్తి కాటా దగ్గర నిలబడ్డ ప్రతి వాడికీ ఈ రెండూ తెలుసు.

ఒకటి తడబాటు. ముల్లు అటూ యిటూ వూగే కాటా లాంటిది. ఒక బస్తాకి కిలో ఎక్కువ చూపిస్తుంది, ఇంకో బస్తాకి కిలో తక్కువ. వంద బస్తాలు తూస్తే చాలావరకు చెల్లుకు చెల్లు. ఉపగ్రహం గంటల లెక్కలో ఈ తడబాటు చాలా వుంటుంది. మంచి పద్ధతుల్లో కూడా నూటికి పదిహేను, ఇరవై దాకా వుండటం మామూలు. రోజు లెక్కలో తగ్గుతుంది. నెల లెక్కలో ఇంకా తగ్గుతుంది.

రెండోది మొగ్గు. ముల్లు ఎప్పుడూ ఒకే పక్కకి వాలే కాటా లాంటిది. ప్రతి బస్తాకి కిలో తినేస్తుంది. వంద బస్తాలు తూస్తే క్వింటా పోతుంది. దీన్ని సగటు చెయ్యడం వల్ల లాభం లేదు. మనల్ని ముంచేది ఈ మొగ్గే.

ఎవరయినా వచ్చి "ఏడాది సగటున మా లెక్క సరిపోయింది" అంటే అక్కడితో తృప్తిపడకూడదు. వానాకాలంలో ఎక్కువ చూపి, ఎండాకాలంలో తక్కువ చూపినా ఏడాది సగటు సరిపోతుంది. కానీ సార్వా రైతుకి కావలసింది సార్వా నెలల లెక్క. కాబట్టి కాలాల వారీగా, మబ్బు రోజులూ తేట రోజులూ విడదీసి మొగ్గు ఎంతో చెప్పమని అడగాలి.

వెయ్యి రూపాయల తేడా

ఇదంతా శాస్త్రజ్ఞుల గొడవ అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవి.

బీమాలో హామీ దిగుబడి ఎకరానికి 20 బస్తాలు అనుకుందాం. నిజంగా పండింది 18 బస్తాలు. బీమా మొత్తం ఎకరానికి 30 వేల రూపాయలు. రెండు బస్తాల లోటు, అంటే నూటికి పది. పరిహారం 3 వేల రూపాయలు రావాలి.

ఎండని యూనిట్లలో చెప్పుకుందాం. మన దేశంలో చాలాచోట్ల చదరపు మీటరు జాగా మీద రోజుకి సగటున 4 నుంచి 7 యూనిట్ల కరెంటుకి సమానమైన ఎండ పడుతుంది. ఆ సార్వాలో మన పొలం మీద సగటున 4 యూనిట్లు పడింది. ఉపగ్రహం నాలుగున్నర అని రాసింది. తేడా అర యూనిట్. మిగతా అంకెలన్నీ సరిగ్గానే వున్నాయనుకుంటే, హెచ్చవేతలో దిగుబడి నూటికి పన్నెండున్నర వంతు పెరుగుతుంది. 18 బస్తాలు కాస్తా 20 బస్తాల పావు అవుతాయి.

నమూనాకి 30 శాతం విలువ ఇస్తే దిగుబడి సుమారు 18 బస్తాల 67 పాళ్లు. లోటు రెండు బస్తాల నుంచి సుమారు ఒక బస్తా మీద మూడోవంతుకి దిగింది. పరిహారం 3 వేల నుంచి దాదాపు 2 వేలకి పడిపోయింది. ఎకరానికి వెయ్యి రూపాయలు ఎండ లెక్కలో ఆవిరైపోయాయి. అదే నమూనాకి నూటికి నూరు విలువ ఇస్తే? 20 బస్తాల పావు పండినట్టు లెక్క. లోటే లేదు. పరిహారం సున్నా.

తప్పు రెండో వైపు జరిగితే రైతుకి ఎక్కువ రావచ్చు, నిజమే. నమూనాలో ఇంకా చాలా అంకెలు వున్న మాట కూడా నిజమే. కానీ ఎక్కువ కట్టవలసి వస్తే అభ్యంతరం చెప్పడానికి కంపెనీకి నిపుణులు, వకీళ్లు వున్నారు. కౌలురైతుకి ఎవరున్నారు? ఎండ లెక్క తప్పిందని అతను ఏ మీటరు చూపించి వాదిస్తాడు?

కూలీకి ఇందులో ఏం పని అని కొందరు అడగవచ్చు. రెండెకరాలు కౌలుకి చేసే మనిషి మిగతా రోజుల్లో కూలికి పోయే మనిషే. పరిహారం అందని రైతు ముందు కోత పెట్టేది కూలి డబ్బుల్లోనే. చేను పోతే కూలీకి పోయిన పనిదినాలకి ఈ బీమాలో లెక్కే లేదు. అలాంటిది వున్న కాస్త లెక్క అయినా సరిగ్గా వుండాలని అడగడం మన హక్కు.

కంపెనీ నమ్మదు, మనం నమ్మాలా?

ఇప్పుడు సోలార్ కంపెనీల సంగతి చూద్దాం. కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పని మొదలెట్టింది. జిల్లాల విభజన తర్వాత గని నంద్యాల జిల్లాలోకి వచ్చింది. సరిహద్దు అవతల కర్ణాటకలో పావగడ వుంది. ఇళ్లలో తెలుగు మాట్లాడే జనం ఎక్కువగా వున్న తాలూకా అది. అక్కడ సుమారు 13 వేల ఎకరాలు రైతుల దగ్గర లీజుకి తీసుకుని రెండు వేల మెగావాట్ల పార్కు కట్టారు. ఎకరానికి ఏడాదికి 21 వేలతో లీజు మొదలయింది. భూమి వున్నవాడికి లీజు వస్తుంది. ఆ భూమిలో వేరుసెనగ పీకి, కలుపు తీసి బతికిన భూమిలేని కూలీకి లీజు రాదు, పనీ పోతుంది. ఇది విడిగా చెప్పుకోవలసిన పెద్ద విషయం.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఇలాంటి పెద్ద పార్కుల మీద వందల కోట్లు పెట్టేవాళ్లు, అప్పిచ్చే బ్యాంకులు, ఉపగ్రహం చెప్పిన ఎండని కళ్లు మూసుకుని నమ్మరు. ముందు ఉపగ్రహం లెక్కతో జాగా చూసుకుంటారు. తర్వాత ఆ జాగాలోనే ఎండ మీటరు పాతి, సాధారణంగా ఏడాది పాటు కొలుస్తారు. ఆ కొలతతో పోల్చి, మొగ్గు ఎంతో తేల్చి, ఉపగ్రహం తాలూకు పాత ఏళ్ల లెక్కనంతా సరిదిద్దుతారు. పదేళ్లలో తొమ్మిదేళ్లు తప్పకుండా వచ్చే కరెంటు ఎంతో తేల్చమని బ్యాంకు అడుగుతుంది. ఎండ అంచనా నూటికి అయిదు తప్పితే ఎన్ని కోట్లు పోతాయో వాళ్లకి తెలుసు.

పెట్టుబడి పెట్టేవాడి డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఏడాది పాటు నేల మీద కొలత కావాలి. పేదరైతు పరిహారం దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నుంచి వచ్చిన అంచనా చాలు. ఒకే సూర్యుడికి ఈ రెండు న్యాయాలేమిటి?

ఉపగ్రహం వద్దనడం కాదు

ఇంతా చెప్పి ఉపగ్రహాన్ని తీసిపారేయమనడం లేదు. మీటరు పాతికా ముప్పై కిలోమీటర్ల కంటే దూరంగా వుంటే, దాని కొలతని మన వూరికి అరువు తెచ్చుకోవడం కంటే మన వూరి మీద ఉపగ్రహం వేసిన గంటల అంచనాయే మెరుగని పరిశీలనల్లో తేలింది. ప్రతి పొలంలో మీటరు పెట్టలేం. ఉపగ్రహం ప్రతి వూరినీ చూస్తుంది, పెద్ద రైతు పొలాన్నీ కౌలుదారు మడినీ ఒకే కంటితో చూస్తుంది. పంట కోత ప్రయోగంలో పలుకుబడి గలవాడు చక్రం తిప్పే వూళ్లలో అది మనకి ఆయుధం కూడా కాగలదు.

కానీ నేల మీటర్లు లేకపోతే ఉపగ్రహం గుడ్డిది. మన దేశంలో నేలకి చేరే ఎండ ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిందన్న సంగతే చూడండి. 1981 నుంచి 2004 దాకా 12 కేంద్రాల కొలతలు చూసి, చదరపు మీటరుకి ఏడాదికి 0.86 వాట్ల చొప్పున తగ్గిందని 2007లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఇంత చిన్న మార్పు తెలిసింది ఎలా? ఒకేచోట, ఒకే రకం మీటర్లతో, ఏళ్ల తరబడి ఎవరో గాజు తుడుస్తూ, అంకెలు రాస్తూ వచ్చారు కాబట్టి.

మనం అడగవలసినవి

గ్రామసభలో, రైతు సేవా కేంద్రంలో, వ్యవసాయాధికారి దగ్గర ఈ ప్రశ్నలు వేయండి. పెద్ద చదువు అక్కర్లేదు.

ఒకటి: మా యూనిట్ దిగుబడి తేల్చడంలో ఉపగ్రహం లెక్క వాడారా? వాడితే ఎంత శాతం? ఏ పద్ధతి?

రెండు: అందులో ఎండ అంకె ఎక్కడి నుంచి తెచ్చారు? దాన్ని ఏ నేల మీటరుతో సరిచూశారు? ఆ మీటరు మా వూరికి ఎన్ని కిలోమీటర్లు?

మూడు: వానాకాలం నెలల్లో మొగ్గు ఎంత? ఏ వైపు?

నాలుగు: మా మండలంలోని వాతావరణ కేంద్రంలో ఎండ మీటరు వుందా? వుంటే గాజు ఎవరు తుడుస్తున్నారు? చివరిసారి ఎప్పుడు సరిపోల్చారు?

అయిదు: పంట కోత ప్రయోగం తూకం, ఉపగ్రహం దిగుబడి రెండూ పక్కపక్కన గ్రామంలో బోర్డు మీద రాసి పెడతారా?

వీటితో పాటు మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. ప్రతి వ్యవసాయ మండల ప్రాంతంలో, ముఖ్యంగా డెల్టాలో, తీరం వెంట, రాయలసీమలో, నల్లరేగడి పత్తి ప్రాంతంలో, ఎండ మీటర్లు పెట్టి నడపాలి. సోలార్ పార్కుల్లో కంపెనీలు పెట్టుకున్న మీటర్ల కొలతలు ప్రజలకి అందుబాటులో వుంచాలి. మన నేల మీద పడ్డ ఎండ లెక్క ఒకడి సొత్తు కాదు. సరిచూడని లెక్కతో పరిహారం తగ్గించకూడదు. అలా సరిచూసేదాకా పంట కోత ప్రయోగాలు తగ్గించకూడదు. మీటర్ల దగ్గర పనిచేసేవాళ్లకి నెలనెలా జీతం ఇవ్వాలి.

మన వైపు నుంచి కూడా పని వుంది. పంట కోత ప్రయోగం జరిగే రోజున కౌలురైతులు, కూలీలు అక్కడ వుండాలి. తూకం మన పుస్తకంలో రాసుకోవాలి. పైరు పొట్టకొచ్చిన నాటి నుంచి ఏ రోజు ముసురు, ఏ రోజు మసక, ఏ రోజు తేట అన్నది వూళ్లో చదువుకున్న పిల్లలతో ఒక నోటు పుస్తకంలో రాయించాలి. అది మీటరు కాదు. కానీ ముసురు పట్టిన ఇరవై రోజుల్ని ఎండ రోజులుగా రాసిన లెక్క మన ముందుకి వస్తే, దాన్ని నిలదీయడానికి ఆ పుస్తకం చేతిలో వుంటుంది.

కాటాలో మోసాన్ని మన వాళ్లు రాయి మీద ముద్ర అడిగి ఎదుర్కొన్నారు. ఎండ లెక్కకీ ముద్ర అడగవలసిన కాలం వచ్చింది.